తుత్తం వెయ్యని గోడ

జూన్ 19
పురానాపూల్ దగ్గర మల్లన్న ఇంట్లో గదికీ వసారాకూ మధ్య అడ్డుగోడ వానకు కూలింది. ఇరవై ఏళ్లుగా నేను రాసే ఉద్యమ పోస్టర్లు పాతబస్తీ అంతా అంటించినవాడు. భార్య ఆగమ్మకు ఆయాసం. చలిగాలి పడదు. నా దగ్గర పంచకుండా మిగిలిన కరపత్రాలు పదకొండు బస్తాలున్నాయి. నానబెట్టి, రుబ్బి, మైదా జిగురు కలిపి ఇటుకలు పోస్తాను. సిమెంటు కంపెనీల గడప తొక్కను.

జూన్ 23
జిగురుల మైలుతుత్తం వెయ్యాలె అక్కా, లేకుంటే బూజు పడతది, అన్నాడు మల్లన్న. విషం! పేదవాడి ఇల్లంటే కెమికల్ డంప్‌యార్డా? అరగంట క్లాస్ పీకాను. ఎక్కడో బ్యాన్ చేశారని కూడా అన్నాను. ఎక్కడో నాకే తెలీదు. సరే తియ్యక్కా, సదువుకున్నదానివి, అన్నాడు.
గెలిచాను.

జూన్ 30
గోడ లేచింది. లోపల ఇంకా పచ్చిగనే ఉన్నదని మల్లన్న సణిగాడు. అదే ఆరుతుందన్నాను. ఆగమ్మ మంచం దాన్ని ఆనుకునే వేశాం. మస్తు మెత్తగున్నది, ఇగ ఈయన గురక అవతలనే ఆగుతది, అని నవ్వింది. ఫోటో గ్రూపులో పెట్టాను. 87 లైకులు.

జులై 9
గోడ మీద నల్ల చుక్కలు. తుడిచాను.

జులై 14, ఉదయం 7
చుక్కలు కావు. గోడంతా ఆకుపచ్చ నూగు! చెయ్యి పెడితే పొగలా లేచింది. మంచం ఖాళీ. ఊపిరాడక ఆగమ్మను ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారని పక్కింటి షారోన్ చెప్పింది. నేనూ ఆటో పట్టాను.

సాయంత్రం
ఆక్సిజన్ పెట్టారు. బూజే కారణమన్నాడు డాక్టర్.
ఆస్పత్రి వరండాలో మల్లన్న మీద అరిచాను. తెలిసినవాడివి, గట్టిగా ఎందుకు చెప్పలేదని! సిగ్గులేదు నాకు. అతను అరవలేదు. చెప్పిన కదక్కా, నువ్వు మైకు పడితే ఇంకొకన్ని మాట్లాడనిస్తవా, అన్నాడు. నీ పోస్టర్లు వానల గూడ గట్ల నిలిచినయంటే జిగురుల తుత్తం ఏసిన గాబట్టే, అన్నాడు.
‘కార్మికుడి మాట వినండి!’ అని ఊరంతా అంటించాం. ఆ పోస్టర్ రాసింది నేను. అతని బకెట్లో ఏముందో ఇరవై ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు.

జులై 16
గోడ కూలగొట్టాం. ముక్కులకు తడిగుడ్డ.

జులై 22
ఆగమ్మ ఇంటికొచ్చింది. ప్లాస్టిక్ పరదా కట్టాం. వానలు పోయినంకనే ఇటుకలు, ఎండల కటకట ఆరినంకనే గోడ, అన్నాడు మల్లన్న. తుత్తం ఎంత వెయ్యాలో చెప్పాడు. రాసుకున్నాను. మధ్యలో నోరు తెరిచాను. ఆగమ్మ చూసింది.
మూసుకున్నాను.