తాత వాటా తల

అక్కా, నేను బాగున్నాను, దగ్గు తగ్గింది. అమ్మను బెంగపడొద్దని చెప్పు.

ఫిజీలో ఈ చేపల ఫ్యాక్టరీలో నా పని తలలు కోసి తొట్టిలో పడేయడం. నిన్న ఒక పెద్ద తల కనబడేసరికి నా చెయ్యి దానంతటదే పక్కన పెట్టేసింది. మనింట్లో చేప వండితే పెద్ద తల తాతదేగా! మేస్త్రీ లితియా చూసి, "ఎవరికే దాస్తున్నావు?" అంది. "మా తాతకి" అనేశాను. "మీ కిరిబాస్ దీవుల నుంచి ఈదుకుంటూ వస్తాడా మీ తాత?" అని అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వి, దాన్ని తొట్టిలో వేసేశాను. రాత్రి అన్నం సయించలేదు.

మన చామదుంపల గుంటలోకి మళ్ళీ సముద్రపు ఉప్పునీళ్ళు వచ్చాయా? బావ పడవ బాగుచేశాడా, ఇంకా కొట్లోంచి డబ్బా చేపలే తెస్తున్నాడా? పరాయి ఓడలు మన సముద్రంలో పట్టిన చేపలనే ఇక్కడికి తెస్తాయి. మేం డబ్బాలకెత్తితే మళ్ళీ మీరే కొనుక్కుంటారు. నా తరఫున బావకు నాలుగు చీవాట్లు పెట్టు.

పిల్లలకు ముద్దులు. అందరూ చల్లగా ఉండాలి. డబ్బా తెరిచినప్పుడు తల ఏదని తాత అడిగితే, నా దగ్గరే ఉండిపోయిందని చెప్పు.

నీ చెల్లెలు,
బ్వేనా