ఆమినాబీ ఫాతిహాకు ఏం వండాలి

విజయవాడ భవానీపురంలో నివాసముంటూ, నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైన షేక్ ఖాలిక్ అను నేను, వయస్సు అరవై తొమ్మిది, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసిన వీలునామా. బీపీ ఉంది. మతిమరుపు లేదు. ఉంటే బాగుండునని ఈ రెండున్నరేళ్లలో చాలాసార్లు అనుకున్నాను.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది షరియత్ ప్రకారం నా కొడుకు నాసిర్‌కు, కూతురు ఫరహత్‌కు చెందుతాయి. అందులో నేను చెప్పవలసింది లేదు. కింద రాసినవాటికి వాళ్లిద్దరూ సమ్మతించారు. నా మిత్రుడు కరిముల్లా గారు వీటిని అమలు జరపాలి.

2. పెద్ద డేగిసా నాసిర్‌కు. దానితోపాటు బొబ్బర్ల మాంసం కూర వండే తీరు కూడా. నా భార్య ఆమినాబీ ఎక్కడా రాసిపెట్టలేదు. ఆమె పోయాక నాలుగుసార్లు చెడగొట్టి నేర్చుకున్నాను. పావు కిలో బొబ్బర్లు ముందురోజే నానబెట్టాలి. ఎముకతో కిలో మాంసం. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి, మాంసం, మూడు చెంచాల గుంటూరు కారం. మాంసం సగం ఉడికాక బొబ్బర్లు. టమాటా ఆఖర్న. ముందే వేస్తే పులుపుకి గింజ గట్టిపడి ఎంతసేపటికీ ఉడకదు. కుక్కర్ వాడవద్దు. నాసిర్ ఎలాగూ వినడు కనుక కుక్కర్ కూడా వాడికే.

3. ఫరహత్‌కు వాళ్ల అమ్మ కళ్లజోడు. కుడి అద్దం మీద పసుపు మరక ఉంది. నేను తుడవలేదు. తుడుచుకోవడం తన ఇష్టం.

4. ఇది ఆమినా చెల్లెలు, గన్నవరంలో ఉండే ఖాసింబీ గురించి. నలభయ్యో రోజు ఫాతిహాకు పోయినవారికి ఇష్టమైనది వండడం మా ఇళ్లలో ఆనవాయితీ. ఏం వండాలని పిల్లలు అడిగితే ఆలోచించకుండా బొబ్బర్ల మాంసం అన్నాను. ఎనభై మందికి వండించాం. దువా అయ్యాక, అందరూ దస్తర్‌ఖాను గుడ్డ పరిచి భోజనానికి చుట్టూ కూర్చున్నప్పుడు ఖాసింబీ అంది: "మా అక్క ఆ కూర ఏనాడూ నోట పెట్టలేదు బావగారూ. కారం పడేది కాదండీ. మీకిష్టమని వండేది."

నలుగురిలో నా పరువు తీసిందని, ఇక మా గడప తొక్కవద్దని చెప్పాను. రెండేళ్లూ ఏటి ఫాతిహాకు ఆమె రాలేదు. రెండుసార్లూ పంతంకొద్దీ అదే కూర పెట్టించాను. ఖాసింబీ అబద్ధమాడిందని ఫరహత్‌తో అన్నాను. ఫరహత్ తల దించుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. దాంతో నాకు తెలిసింది. నేను తిని లేచాకే ఆమినా కంచం పెట్టుకునేది. అందులో ఏముందో ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

5. ఇకమీదట ఆమినా పేరిట జరిగే ఫాతిహాలకు ఏం వండాలో ఖాసింబీ చెప్పాలి, నా పిల్లలు వండాలి. ఈ ఇంటి ముందుగదిలో ఆమె ఎప్పుడొచ్చినా, ఎన్నాళ్లయినా ఉండవచ్చు. నా ఫాతిహాకు మాత్రం బొబ్బర్ల మాంసమే పెట్టండి. అది నాకిష్టమే.

6. ఐదో అంశం రాశాక సంతకం పెట్టబుద్ధి కాలేదు. పోయిన శుక్రవారం నమాజు తర్వాత గన్నవరం వెళ్లాను. ఖాసింబీ తలుపు తీసి, "భోంచేశారా బావగారూ" అని మాత్రం అంది. తినలేదన్నాను. పెట్టింది. తింటూ, ఆమినాకు ఏమిష్టమని అడిగాను. నా కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించి చెప్పింది: ఎండురొయ్యలు, వంకాయ, కారం తక్కువగా. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా అదే వండించుకునేదట.

ఎండురొయ్యల వాసన నాకు పడదు. పెళ్లయిన మొదటి నెలలోనే అవి ఇంట్లోకి రాకూడదన్నాను. ఆమినా మళ్లీ ఆ మాటెత్తలేదు. నేనూ మరిచిపోయాను.

ఏటి ఫాతిహాకు అవి ఈ ఇంటి పొయ్యి మీదే వండాలి. బయట వండించి తేవద్దు. అప్పటికి నేనుంటే, నేనే వండుతాను.

విజయవాడ, 14-11-2025
(సంతకం) షేక్ ఖాలిక్

సాక్షులు:
1. వెంకటప్పయ్య, పక్కింటివారు
2. బెన్నీ, శాఖలో నా పాత సహోద్యోగి