అరవై దాటినవాళ్ల పాటల క్లాసు

అత్తయ్యా,

కోప్పడకు. డిజిటల్ మార్కెటింగ్ పాఠంలో భాగంగా మా డిగ్రీ పిల్లలు నీ పాటల క్లాసుకు ఫోన్లలో ప్రకటన ఇచ్చారు. చిన్నపిల్లల అమ్మానాన్నలకే కనబడాలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వాళ్లేమో వయసు దగ్గర అరవై దాటినవాళ్లని పెట్టారు. "మనవల్ని దింపేది తాతలే కదా, మేడమ్!" అన్నారు. మండిపడి మార్కులు కోసేశాను.

పిల్లలెవరూ చేరలేదు. తాతలూ అమ్మమ్మలూ తామే నేర్చుకుంటామని పేర్లిచ్చారు. సోమవారం వస్తారు. వెనక్కి పంపకు, నీకు పుణ్యముంటుంది.

ఇంకో మాట. నాన్న పోయాక నీతో మాటలు మానేసిన మా అమ్మ కూడా ఆ ప్రకటన చూసింది. "మీ అత్తయ్య నన్ను చేర్చుకుంటుందా?" అని మెల్లగా అడిగింది.

ఏం చెప్పమంటావు?

నీ మేనకోడలు