ఫొటోలో నడుము

జూన్ 14

అమ్మడూ, ఆన్‌లైన్‌లో అమ్మిన గౌన్లు తొమ్మిది వెనక్కి వచ్చాయనీ, తన కుట్టే చెడిందనుకుని మీ అమ్మ మిషన్ మూసేసిందనీ రాశావు. అందుకే వెంటనే ఈ కార్డు. ఇక్కడ అందరం కులాసా.

మీ అత్త నీకు చెప్పకుండా మన నీలం గౌను ఒకటి ముందే తెప్పించింది. తొడుక్కుని, "అమ్మా, ఇది గౌనా, దిండు గలీబా? ఫొటోలో ఉన్న నడుము ఇందులో ఏదీ?" అంది. టేపు పెట్టి కొలిచాను. ఫొటో కింద నువ్వు రాసిన కొలతకు పావు అంగుళం కూడా తేడా లేదు. అప్పుడు నీ ఫొటోను ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. గౌను తొడిగిన బొమ్మ వెనక గుడ్డను బిగించి పెట్టిన రెండు పిన్నులు పక్కనుంచి కనిపించాయి.

అందంగా కనిపించాలనే చేశావు, ఒప్పుకుంటాను. కొన్నవాళ్లకు ఆ పిన్నులు కూడా పంపుతున్నావా? నీ సోకుకు మీ అమ్మ మాట పడింది.

మీ ఇద్దరికీ నాయనమ్మ దీవెనలు. ఇక చేయవలసినవి:

1. పాత ఫొటోలు ఈరోజే తీసెయ్యి.
2. పిన్నులు లేకుండా, కిటికీ వెలుగులో, ముందు నుంచీ పక్క నుంచీ మళ్లీ తియ్యి.
3. నడుము మీద టేపు పెట్టి, అంకె కనిపించేలా ఇంకొకటి తియ్యి.
4. వీటన్నిటికంటే ముందు, పిన్నులు పెట్టింది నువ్వేనని మీ అమ్మకు నీ నోటితో చెప్పు. ఈ కార్డు ఆమె చేతికి ఆ తరవాతే ఇవ్వు.