రాజేశానికి బదులు ఖాదర్

రుస్తాఖ్ సైట్, 1977 నవంబర్ 11, శుక్రవారం

నేను కెప్టెన్‌గా ఉన్న మా హాకీ జట్టులో, అంచున బంతి అందుకుని పరుగెత్తే వింగర్ రాజేశాన్ని ఇస్తే, తమ సెంటర్ ఆటగాడు ఖాదర్‌ను పంపుతామని మా కంపెనీదే అయిన ఇబ్రా సైట్ ఫోర్‌మన్ కబురు పెట్టాడు. ఇద్దరూ కుర్రాళ్లే, ఇద్దరూ తాపీ పనివాళ్లే కాబట్టి కంపెనీకి అభ్యంతరం లేదు. ఖాదర్ తలెత్తి చూడకుండానే బంతిని సరిగ్గా అందిస్తాడు. అలాంటివాడు మాకు లేడు. కానీ రూమ్‌లో నా పక్క మంచం రాజేశానిది.

సాయంత్రం అతన్నే అడిగాను. బాధపడతాడనుకున్నాను. “పోత అన్నా. కానీ ఖాదర్ ఈడికొస్తే, ఆడ నాకు బంతి ఎవరిస్తరు? నేను పోతే ఈడ ఖాదర్ ఎవరికిస్తడు?” అన్నాడు.

ఇద్దరినీ ఒకే వైపు ఒక్క ఆట ఆడించి చూడాలని ఉంది. చూశాక ఏ ఒక్కరినీ వదులుకోబుద్ధి కాదేమో...