ఒక్క పెళ్ల కదలకుండా వంటగది

1978 మార్చి 5, ఆదివారం

తీర్మానం: పెరట్లో కొత్త వంటగది. పాత ఇంటి మట్టిగోడలో ఒక్క పెళ్ల కూడా కదలదు.

నా భార్య హనుమాయమ్మ మాత్రం ఇల్లంతా పడగొట్టి, బిచ్కుందలో వాళ్ళ అన్నయ్య బసవపున్నయ్య కట్టినట్టు స్లాబు వేయమంటుంది. నడిమింట్లో మూల పొయ్యి, చీకటి, పొగ. పద్దెనిమిదేళ్ళుగా కళ్ళు తుడుచుకుంటూ వండుతోంది. ఆ మాట నిజమే. కానీ ఈ ఇల్లంటే నాకు ప్రాణం. మూరెడు మందం గోడలు, టేకు స్తంభాలు, గోడల్లో గూళ్ళు. మే నెలలో నడిమింట్లో నడుం వాలిస్తే బయట ఎండ ఉందన్న సంగతే గుర్తుండదు.

చివరికి ఒప్పందం కుదిరింది.

"మీ గోడ ముట్టకుండా వంటగది కట్టించండి, నోరెత్తను. ముట్టారో, అన్నయ్యను పిలిపించి మొత్తం పడగొట్టిస్తా."

సరేనన్నాను. ఇంత సులువైన పందెం ఎన్నడూ కాయలేదు.

మార్చి 12

మేస్త్రీ అమీర్ పాషా వచ్చాడు. సిమెంటు అన్నాడు. వద్దన్నాను. కొత్త గది పాత ఇంటికి తోబుట్టువులా ఉండాలి. సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు.

"బెల్లం జరంత చాలు సాబ్," అన్నాడు.

మనం చెరకు రైతులం. మన గోడకి మన బెల్లం జరంతేమిటి? అతను భోజనానికి వెళ్ళాక నాలుగు దిమ్మలు కరిగించి పోశాను.

మార్చి 16

గోడ ఆరలేదు. చీమలొచ్చాయి. ఎర్రవీ నల్లవీ కలిసిమెలిసి. సాయంత్రం గేదెదూడ తాడు తెంపుకుని వచ్చి ఈశాన్యం మూలంతా నాకేసింది.

"గోడ కట్టించారా, పానకం పోయించారా?" అంది హనుమాయమ్మ.

అమీర్ పాషా దూడకేసి చూస్తూ బీడీ ముట్టించాడు.

మార్చి 21

సిమెంటు తెప్పించాను. ఇది ఓటమి కాదు. కొత్త గోడలో ఏముండాలన్నది నా సరదా. తీర్మానం పాత గోడ గురించి.

ఏప్రిల్ 8, ఉగాది

వంటగది పూర్తయింది! కిటికీ నిండా వెలుతురు. పాలు పొంగించాం. పాత గోడకి గీత కూడా పడలేదు. నడిమింట్లో పీట వేసుకుని దర్జాగా కూర్చున్నాను.

ఎంతసేపటికీ ఉగాది పచ్చడి రాలేదు. కేకేశాను.

"ఎటునుంచి తేను?" అని గోడ అవతలి నుంచి వినిపించింది.

ఈ ఇంటికి వెనక తలుపు లేదు. ఎప్పుడూ లేదు. పెరటికి దారి పక్క సందులోంచే. పొయ్యి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. పచ్చడి సందు దాటి, వీధి తిరిగి, అరుగెక్కి, ముందు తలుపులోంచి వచ్చింది.

అమీర్ పాషాను నిలదీశాను.

"పెళ్ల ముట్టొద్దంటిరి గద సాబ్. నేనైతే ముట్టలే. తోవ సంగతి మీరే ఏందో అనుకొని ఉంటరనుకున్న."

ఏప్రిల్ 15

నడక ఒంటికి మంచిది. ఇరుగుపొరుగుతో స్నేహమూ పెరుగుతోంది. ఎదురింటి బషీరున్నిసా రోజూ ఎదురొచ్చి గిన్నె మూత తీసి చూస్తుంది.

"ఏం కూర అక్కా గీ పొద్దు? మళ్ళ సొరకాయనేనా?"

హనుమాయమ్మ పరువు కోసం రెండు కూరలు వండుతోంది. నాకేమీ నష్టం లేదు.

ఏప్రిల్ 23

అకాల వాన. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో పప్పుగిన్నె. హనుమాయమ్మ సందులో జారిపడింది. పప్పు నేలపాలు, మోకాలు చెక్కుకుపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. చాలా సిగ్గేసింది.

ఏప్రిల్ 24

ఉపాయం దొరికింది! వంటగది వైపు నడిమింటి గోడలో గూడు ఉంది కదా. దాని వెనక మందం జానెడే. కాస్త మట్టి తీస్తే గిన్నెలు అందుకోవచ్చు. రాలేది దుమ్ము, పెళ్ల కాదు. దుమ్ము మాట ఒప్పందంలో లేదు.

ఏప్రిల్ 27

పప్పుగిన్నె పడుతోంది. అన్నం గుండిగ పట్టలేదు. కాస్త వెడల్పు చేశాను.

ఏప్రిల్ 30

ఇడ్లీపాత్ర. ఇంకాస్త.

మే 2

గూడు పైభాగం ఊడి పడింది. బండెడు మట్టి. దుమ్ము తగ్గాక చూస్తే అటు హనుమాయమ్మ, ఇటు నేను, మధ్యలో మనిషి పట్టేంత కంత.

"అన్నయ్యకు కబురు పెడతా," అంది.

మే 6

బసవపున్నయ్య టేపు తీసుకుని బస్సు దిగాడు. స్తంభాలకు సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు.

"ముందు వీటిని పీకించాలి బావగారూ. స్లాబు కింద ఇవెందుకు?"

ఇచ్చిన మాట ఇచ్చిందే. కంతలోంచి పెరట్లోకి వెళ్ళిపోయాను. మా నాన్న ఈ ఊరొచ్చి కొన్న మొదటి ఇల్లు.

తిరిగొచ్చేసరికి హనుమాయమ్మ తడిగుడ్డతో స్తంభం తుడుస్తోంది. సుద్దగీతతోపాటు మసి కూడా ఊడుతోంది. కొత్త కిటికీ వెలుతురు కంతలోంచి సరిగ్గా దానిమీదే పడుతోంది. మసి కింద లతలు, జంట చిలకలు.

"ఇన్నేళ్ళలో నేనివి చూడనేలేదు అన్నయ్యా. ఆ చీకట్లో కనబడితే కదా."

"మరి స్లాబు?"

"పందెం నేను గెలిచాను. ఇల్లిప్పుడు నాది. నా ఇంటిమీద సుద్దగీతలు గీయడానికి నువ్వెవరు? భోంచేసి వెళ్ళు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూడనట్టు నటించి రెండో స్తంభం తుడవడం మొదలుపెట్టింది.

మే 7, ఆదివారం

కొత్త తీర్మానం: పెరట్లో స్నానాలగది. పాత ఇంట్లో ఒక్క పెళ్ల కూడా కదలకుండా. ఇంటి యజమానురాలి అనుమతి కోరాను.

"ముందు ఈ కంతకి తలుపు, ఆ గదికి తలుపు కొనుక్కొచ్చి నా ముందు పెట్టండి. గోడల మాట తర్వాత," అంది.

రెండు తలుపులు కొనడానికి బయల్దేరుతున్నాను.