బోర్డు మీద ఎర్ర చుక్క

ప్రియమైన అక్కా,

నువ్వు అల్లి పంపిన స్వెట్టర్ అందింది. చేతులు బారెడున్నాయి, నేనింకా ఎదుగుతాననుకున్నావా?

ఒక సంగతి అడగాలి. మా కుట్టు మిషన్ల దగ్గర పనిచేసే నేస్తం ఒకతె నెలరోజులు మానసిక వార్డులో ఉండి వచ్చింది. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని రాశారట, మనసు ఒకచోట నిలవనివ్వని జబ్బట. నర్సుల గదిలో బోర్డు మీద తన పేరు పక్కన మాత్రం ఎర్ర చుక్క పెట్టారట. పదిహేనేళ్లుగా అలాంటి వార్డులోనే నర్సువి కదా, అదేమిటో చెప్పవూ?

నీ బుల్లి


ప్రియమైన బుల్లికి,

చేతులు పొడుగైతే మడుచుకో, ఎత్తిపొడవకు.

ఆ చుక్క పుస్తకాల్లో ఉండదు. "ఈమె బెల్లు కొడితే పరిగెత్తకండి, టీ తాగే వెళ్లండి" అని మాలో మాకు గుర్తు. ఆ జబ్బు పేరున్నవాళ్లు గోరంతను కొండంత చేస్తారు. ఆ ఫైలు చూస్తే మా డాక్టరుగారే "అయింది మన పని" అంటారు. నీ నేస్తానికి కాస్త ఎడంగా ఉండు. మెతకదానివి, నెత్తికెక్కుతుంది.

నీ మేలు కోరే అక్క


అక్కా,

ఆ నేస్తం నేనే.

చెప్పడానికి సిగ్గేసింది. భోజనాల దగ్గర నువ్వు ఆ రోగుల్ని అనుకరించి చూపిస్తుంటే అందరికంటే గట్టిగా నవ్వినదాన్ని నేను.

పన్నెండో రోజు పొట్టలో కుడివైపు నొప్పి మొదలైంది. బెల్లు కొట్టాను. చాలాసేపటికి ఒక నర్సు వచ్చి, గుమ్మంలోనే నిలబడి "మళ్లీ ఏమిటమ్మా?" అంది. అంతకుముందు నేను ఒక్కసారీ బెల్లు కొట్టలేదు. మర్నాటికి అపెండిక్స్ పగిలింది. ఆపరేషన్ చేశారు, బతికాను. నొప్పి సంగతి అలా ఉంచు, నిజంగానే నటిస్తున్నానేమోనని నన్ను నేనే అనుమానించుకున్నాను. అది మర్చిపోలేకపోతున్నాను.

బుల్లి


బుల్లీ,

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే ఆ నేస్తం ఎవరో నాకు తెలుసు. నవ్వించి దాటేద్దామనుకున్నాను.

నువ్వున్న వార్డు హెడ్ నర్సు నాతో చదువుకుంది. నిన్ను చేర్చుకున్న రోజే గుర్తుపట్టి ఫోన్ చేసింది, "మీ చెల్లెలేనా? ఎలాంటి మనిషి?" అని. "చిన్నప్పటినుంచీ అంతే, ప్రతిదానికీ గొడవ చేస్తుంది" అన్నాను. నా మాట మీదే ఆ చుక్క పెట్టారు. అక్కడితో ఆగానా? "అది నా చెల్లెలని ఎవరికీ చెప్పకు" అని బతిమాలాను. మా వార్డులో తెలిస్తే తలెత్తుకోలేననుకున్నాను. నిన్ను చూడ్డానికి కూడా రాలేదు.

అపెండిక్స్ సంగతి నీ ఉత్తరంతోనే తెలిసింది. స్టోరు గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. నాకు సిగ్గుగా ఉంది బుల్లీ, నీ వల్ల కాదు.

ఇవాళ డ్యూటీ మారేటప్పుడు అందరి ముందూ చెప్పాను, నా చెల్లెలికి ఆ జబ్బే ఉందని, దాని మాట నమ్మొద్దన్నది నేనేనని. మా వార్డు ఆయమ్మ ఒక్కతే నన్ను కూర్చోమని కుర్చీ జరిపింది.

క్షమించమని అడిగే ముఖం లేదు. ఒక్కటి మాత్రం చెప్పు. ఆపరేషన్ కాగితాల్లో ఇంటివాళ్లు పెట్టాల్సిన సంతకం ఎవరు పెట్టారు?

అక్క